కింది తువ్వాలుదే సీటు

ఆ రోజుల్లో మా వైపు ఇంజనీరింగు పాసై ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల ఉందంటే చుట్టాలు పరామర్శకి వచ్చినట్టు వచ్చేవారు. చెప్పులు విప్పుతూనే గొంతు తగ్గించి, "ఏటమ్మా, ఇంకా ఏటీ రాలేదా?" అని అడిగేవారు. రావలసింది ఉద్యోగమో జ్వరమో వాళ్ళ మొహాలు చూస్తే తెలిసేది కాదు. సెల్ ఫోన్లలోకి అప్పుడప్పుడే ఇంటర్నెట్టు వచ్చి, మా చీపురుపల్లి కుర్రకారంతా మెడలు వంచుకుని నడవడం మొదలుపెట్టిన కాలం అది. నాతో చదివినవాళ్ళలో హైదరాబాదు వెళ్ళినవాళ్ళు వెళ్ళారు, బెంగుళూరు వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. నేను మాత్రం విజయనగరంలో మా బావ కంపెనీలో చేరాను. (కంపెనీ అనగానే అద్దాల మేడ ఊహించుకోకండి. కింద మిఠాయి దుకాణం, పైన మా రెండు గదులు. కింద జిలేబీ వేసిన రోజు పైన కీబోర్డులన్నీ జిగురుగా ఉండేవి.) మా అప్పని, అంటే మా అక్కని, చేసుకున్న ఈ బావకి కంప్యూటర్లు అమ్మడం వచ్చు, బాగుచెయ్యడం వచ్చు, అన్నిటికంటే బాగా, ఎవరేం అడిగినా "అయిపోద్ది" అనడం వచ్చు. అయ్యేట్టు చూడడం నా ఉద్యోగం.

నాన్నకి ఈ ఏర్పాటు మొదటినుంచీ మింగుడుపడలేదు. నాన్న మొక్కజొన్న రైతు. చేలో నిలబడి ఏది చెప్పినా తిరుగులేదు గానీ, ఇంట్లో ఆయన మాటకి ఎదురు చెప్పే ఒకే ఒక్క ప్రాణిని నేను. "అల్లుడి దగ్గిర కూతురు పనిసేస్తే అది ఉజ్జోగం కాదే, సుట్టరికం" అనేవాడు. ఆయన మనసులో నా కోసం ఒక బ్యాంకు ఉంది. విశాఖపట్నంలో బ్యాంకు పరీక్షలకి కోచింగు ఇచ్చేవాళ్ళ నంబరు కనుక్కుని, హాస్టలు సంగతి కూడా మాట్లాడేసి, నాకు ఒక గడువు పెట్టాడు. "ఈ మొక్కజొన్న సీజను అయిపోయేలోపల నువ్వు సేసిన పని ఒక్కటి నా కంటికి కనపడాల. కనపడితే నానేటీ అనను. లేదంటే పెట్టి సర్దుకో." నాకు బ్యాంకుల మీద కోపమేమీ లేదు. కాకపోతే నేను రాసిన ప్రోగ్రాము నేను చెప్పినట్టు నడిచినప్పుడు నా ఒంట్లో పుట్టే సంతోషం ఇంకెందులోనూ పుట్టలేదు. దాన్ని వదులుకుని వడ్డీ లెక్కలు చేసుకోవాలంటే నిజంగా ఏడుపొచ్చేది.

సరిగ్గా ఆ సీజనులోనే బావ ఒక పెద్ద పని పట్టుకొచ్చాడు. అదీ ఎక్కడో కాదు, మా చీపురుపల్లిలోనే, శావుకారు గారి మొక్కజొన్న యార్డులో. సంతరోజున చుట్టుపక్కల ఊళ్ళ గింజలన్నీ అక్కడికే వచ్చేవి. ట్రాక్టర్లకి ఒక గేటు, ఆటోలకి ఒక గేటు, ఎడ్లబళ్ళకి ఒక గేటు. లోపల తూకానికి రెండు కాటాలు. ఎవరి వంతు వచ్చిందో శావుకారు గారే అరుగుమీద నిలబడి కేకేసేవారు. ఆ ఏడాది గొంతు పాడైందని డాక్టరు ఆయన్ని అరవొద్దన్నాడు. అరవకుండా వ్యాపారం ఎలా చెయ్యాలో ఆయనకి తెలియదు. అలాంటి సమయంలో మా బావ వెళ్ళి, "మీరు కుర్చీలో కూర్చోండి శావుకారు గారూ, మైకులో కంప్యూటరే పిలుస్తుంది" అన్నాడట. "పిలుస్తాదా? మా రైతులందరి పేర్లూ?" అని ఆయన అడిగితే, బావ అనేమాట మీకు తెలిసిందే.

మా వైపు "అప్పలనాయుడూ" అని ఒక్క కేకేస్తే సంతలో సగంమంది తిరిగి చూస్తారు. అందుకని పేరుతో పాటు ఊరూ, బండీ కూడా పిలవాలన్నది శావుకారు గారి షరతు. పిలిచే గొంతు నాదే పెట్టాం. జిలేబీ మూకుడు చప్పుడు వినబడకుండా నెత్తిమీద బొంత కప్పుకుని, మా చుట్టుపక్కల ఉండే పేర్లన్నీ ఒక్కొక్కటే, ఊళ్ళన్నీ ఒక్కొక్కటే, "ట్రాక్టరు", "ఆటో", "ఎడ్లబండి", "మొదటి కాటా", "రెండో కాటా" అంటూ రికార్డు చేశాను. ఈ ముక్కలన్నీ అతికించి పలకడం కంప్యూటరు పని. (బొంతలోంచి చెమటలు కక్కుతూ బయటికొచ్చిన నన్ను చూసి మా అప్ప, "పాట పాడీసినావేటి?" అని అడిగింది.)

ఇక లోపలి సంగతి. భయపడకండి, సులువుగానే చెబుతాను. యార్డు ఆఫీసు గదిలో ఒకటే కంప్యూటరు. దానికి నాలుగు మెదళ్ళున్నాయని బావ గొప్పగా చెప్పి మరీ అమ్మాడు. మూడు గేట్ల దగ్గరా ఒక్కో తెర, ఒక్కో కీబోర్డు. గేటుకో ప్రోగ్రాము, మైకుకో ప్రోగ్రాము, మొత్తం నాలుగూ ఆ ఒక్క కంప్యూటరులోనే ఒకేసారి నడుస్తుంటాయి. నాలుగింటికీ ఉమ్మడిగా దాని జ్ఞాపకంలో ఒక చోటు ఉంది, అందులో వరసగా గళ్ళు. గేటు ప్రోగ్రాము ఖాళీగా ఉన్న గడి చూసుకుని అందులో రైతు పేరు, ఊరు, బండి రాస్తుంది. మైకు ప్రోగ్రాము వరసలో ముందున్న గడి చదివి, పిలిచి, ఆ గడి ఖాళీ చేస్తుంది. ఇంతే. నేను మూడు కీబోర్డులూ ముందు పెట్టుకుని, దీని మీద ఒక పేరు, దాని మీద ఒక పేరు కొట్టి ఎన్నిసార్లు పరీక్షించినా చిన్న తప్పు కూడా రాలేదు. ఒక్కదాన్నే కదా, ఒకేసారి మూడుచోట్ల ఎలా కొడతాను? ఆ ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

మొదటి సంతరోజు పొద్దున్నే శావుకారు గారు మైకుకి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నా గొంతు యార్డంతా మోగేసరికి ఒక ముసలాయన ఉలిక్కిపడి, "ఓలమ్మ, ఎవులో ఆడమనిషి పిలస్తంది" అంటూ తలపాగా సర్దుకున్నాడు. బావ చొక్కా కాలరు సర్దుకున్నాడు. నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తూ పొంగిపోతున్నాను. ఎండెక్కి మూడు గేట్ల దగ్గరా రద్దీ పెరిగేదాకా ఆ వైభోగం సాగింది. అప్పుడు నా గొంతు హాయిగా, స్పష్టంగా ఇలా పిలిచింది: "అప్పలనాయుడు. గుర్ల. ఎడ్లబండి. రెండో కాటా."

ఎవరూ కదల్లేదు. మళ్ళీ పిలిచింది. గుర్లనుంచి ఎడ్లబండి తోలుకొచ్చిన ఒక బక్కపలచని రైతు ముందుకొచ్చి, "ఊరు నాదే, బండీ నాదే, పేరు నాది కాదు. నాను సింహాచలాన్ని. పరాయోడి పేరుమీద నా గింజలు తూయించుకోమంటారేటి?" అన్నాడు. వెనకనుంచి, ట్రాక్టరు మీద కూర్చున్న మరొకాయన, "పేరు నాదే, ఊరు నాది కాదు, ఎడ్లబండీ నాది కాదు. ఊరు మార్సుకోడానికి నాకేటి కర్మ?" అన్నాడు. ఆ ట్రాక్టరు ఆసామి మా నాన్నే. ఇద్దరిలో ఎవరూ కాటా ఎక్కరు. చుట్టూ మూగినవాళ్ళలో ఒకాయన, "పోనీ ఇద్దరూ కలిసి ఎల్లండి, సగం సగం సరిపోతాది" అని తీర్పు చెప్పాడు. ఇంతలో మైకు మూడోసారి పిలిచింది. నాన్న తలెత్తి మైకు వైపు చూశాడు, తర్వాత నెమ్మదిగా ఆఫీసు కిటికీ వైపు చూశాడు. నేను తల దించుకున్నాను గానీ ఆలస్యమైపోయింది. "ఒసే! ఆ గొంతు నీదే కదేటి? కన్న కూతురివి, అయ్యది ఏ ఊరో తెలీదేటే?" అన్నాడు. యార్డంతా గొల్లుమంది. అక్కడినుంచి సాయంత్రందాకా ఆటోలు ఎడ్లబళ్ళవుతూనే ఉన్నాయి, ఎడ్లబళ్ళు ట్రాక్టర్లవుతూనే ఉన్నాయి. డాక్టరు మాట గట్టుమీద పెట్టి శావుకారు గారే అరుగెక్కి అరవాల్సి వచ్చింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న, "పని కనపడ్డాది. ఇనపడ్డాది కూడాను" అన్నాడు. అమ్మ నవ్వాపుకోడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జరిగిందేమిటో మర్నాడు అర్థమైంది. ట్రాక్టర్ల గేటు వాళ్ళూ, ఎడ్లబళ్ళ గేటు వాళ్ళూ ఒకేసారి మీట నొక్కారు. రెండు ప్రోగ్రాములూ ఒకే రెప్పపాటులో చూశాయి, రెండింటికీ ఒకే గడి ఖాళీగా కనబడింది, రెండూ అందులోనే రాశాయి. పేరు దగ్గర నాన్నది పైన పడింది, ఊరూ బండీ దగ్గర గుర్లాయనవి పైన పడ్డాయి. నాలుగు మెదళ్ళున్నాయని మురిసిపోయాం గానీ, నాలుగూ కలిసి ఒకే గడిమీద పడతాయని బావకీ తెలియదు, నాకూ తెలియదు. తెలిశాక నాకు మహా హుషారొచ్చింది. వరస మొత్తానికీ కలిపి ఒక తాళం పెట్టాను. రాయదలచిన ప్రోగ్రాము ముందు తాళంచెవి తీసుకోవాలి, రాయడం అయ్యాక చెవి తిరిగి పెట్టెయ్యాలి. అంతవరకు మిగతావన్నీ ఆగాలి. మైకైనా సరే, ఆగాల్సిందే. "ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా పేర్లు కలవవు బావా" అన్నాను. బ్రహ్మదేవుడు రాలేదు. తొందరబాబు వచ్చాడు.

తొందరబాబు అంటే శావుకారు గారి మేనల్లుడు. ఆటోల గేటు దగ్గర కూర్చునేవాడు. ఆ పేరు పెట్టింది నేనే. మనిషి మంచివాడు, కానీ దేనికీ ఆగలేడు. తెరమీద ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, ప్రోగ్రాము మూసేసి మళ్ళీ తెరిచేవాడు. "మూసి తెరిస్తే అన్నీ బాగైపోతాయి మేడమ్, మా ఇంట్లో టీవీ కూడా అంతే" అని నాకే పాఠం చెప్పాడు. నేను పెట్టిన తాళం వల్ల ఒక గేటు రాస్తుంటే ఇంకో గేటు కాస్త ఆగాలి కదా. ఆ కాస్తే ఆయనకి పడలేదు. రెండో సంతరోజు పొద్దుటినుంచీ మూస్తూనే ఉన్నాడు, తెరుస్తూనే ఉన్నాడు. పేర్లు మాత్రం ఒక్కటీ కలవలేదు. నేను నాన్న ట్రాక్టరు కోసం చూస్తూ గర్వంగా టీ తాగుతున్నాను. ఇంతలో మైకు ఆగిపోయింది.

తొందరబాబు ఈసారి మూసింది సరిగ్గా ఆయన ప్రోగ్రాము తాళంచెవి చేతిలో పట్టుకుని ఉన్న క్షణంలో. ప్రోగ్రాము పోయింది, దానితోపాటు చెవి కూడా పోయింది. ట్రాక్టర్ల గేటు తాళంచెవి కోసం ఎదురుచూస్తోంది, ఎడ్లబళ్ళ గేటు ఎదురుచూస్తోంది, మైకు ఎదురుచూస్తోంది, చివరికి మళ్ళీ తెరిచిన తొందరబాబు ప్రోగ్రాము కూడా తను పారేసిన చెవి కోసం తనే ఎదురుచూస్తోంది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తే అంతదాకా గళ్ళలో ఉన్న పేర్లన్నీ చెరిగిపోయాయి. ఎవరి ముందు ఎవరొచ్చారో తెలియక బయట తగువులు మొదలయ్యాయి. ట్రాక్టర్ల వరస పెరిగి పెరిగి రైలు గేటు దాకా పోయింది. గేటుమేను ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "బాబూ, బేగి బళ్ళు తియ్యండి, నాను గేటెయ్యాల, అవతల బండొచ్చేస్తన్నాది!" అని లబోదిబోమన్నాడు. రైతులూ కూలీలూ కలిసి ట్రాక్టర్లని వెనక్కి తోశారు. శావుకారు గారు అరుగెక్కి నాలుగు పేర్లు పిలిచేసరికి దగ్గు తెర ముంచుకొచ్చింది.

దగ్గు ఆగాక ఆయన నా దగ్గరికొచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "సూడమ్మా, వచ్చే సంతతో సీజను ఆఖరు. ఆ రోజు ఇది సక్రమంగా పనిసేస్తే ఉంచుకుంటాను. సెయ్యలేదా, నీ పెట్టి నువ్వు పట్టుకుపో" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయారు. ట్రాక్టరు పక్కన నిలబడి నాన్న అంతా విన్నాడు. "కోచింగోళ్ళకి ఫోను సేసీమంటావా?" అని అడిగాడు. "వచ్చే సంతదాకా ఆగు నాన్నా" అన్నాను. "ఆగుతాన్లే. శావుకారే ఆగుతానన్నాక నాకేటి" అన్నాడు. ఆయన కోపంగా అన్నా నాకింత బాధ ఉండేది కాదు. జాలిగా అన్నాడు.

ఆ మధ్యాహ్నమే విజయనగరం బయల్దేరాను. సంతరోజు బస్సంటే మీకు చెప్పేదేముంది? ఎర్రబస్సు ఇంకా ఆగకముందే జనం దాని చుట్టూ పరిగెడుతూ కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరేస్తున్నారు. తువ్వాలు పడ్డ సీటు రిజర్వు అయిపోయినట్టే, ఆ మనిషి తర్వాత తాపీగా ఎక్కి కూర్చోవచ్చు. నేనూ బుద్ధెరిగినప్పటినుంచీ చేస్తున్న పనే కాబట్టి చున్నీ తీసి ఉండచుట్టి ఒక కిటికీలోంచి విసిరాను. ఎక్కి చూద్దును కదా, నా సీటుమీద ఒక ఎర్ర తువ్వాలు, దాని పక్కన బుర్రమీసాల ఆసామి ఒకాయన.

"ఇది నా సీటండీ" అన్నాను.

"నా తువ్వాలు కనపడతన్నాదా లేదా?" అన్నాడాయన.

"మీ తువ్వాలు పైనుంది. కింద నా చున్నీ ఉంది. ఎవరిది కింద ఉంటే వాళ్ళదే సీటు."

రాయని చట్టం అది, మా జిల్లాలో పసిపిల్లలకి కూడా తెలుసు. వెనక సీటులో ఉన్న ఒక ఆవిడ లేచి, పంచాయతీ పెద్దలాగ ఎర్ర తువ్వాలు కొస ఎత్తి చూసింది. కింద నా చున్నీ. "గుంటదే ముందు ఏసినాది. నువ్వు ఇంకోకాడ సూసుకో బాబూ" అంది. (గుంటంటే మా వైపు ఆడపిల్ల.) ఆయన తువ్వాలు తీసుకుని ముందుకెళ్ళి ఇంకో ఖాళీ సీటుమీద వేసుకున్నాడు. నేను కూర్చున్నాను. బస్సు బయల్దేరబోతోంది. ముందు సీటులో ఒక తువ్వాలు ఒంటరిగా ఉంది, దాని మనిషి జాడ లేదు. కండక్టరు కాసేపు చూసి, ఆ తువ్వాలు తీసి కడ్డీకి తగిలించి, నిలబడ్డ ఒక మామ్మని కూర్చోబెట్టాడు. ఇంతలో సోడా సీసా చేత్తో పట్టుకుని ఒకాయన పరిగెత్తుకొచ్చి బస్సెక్కి, "నా సీటేదీ? తువ్వాలు ఏసినాను కదా!" అని గొడవ మొదలెట్టాడు. "తువ్వాలుకి టికెట్టు కొట్టమంటావేటి? మళ్ళీ ఏసుకో, ఎనకాల ఆఖరి సీటు ఒకటుంది" అని కండక్టరు ముందుకు సాగిపోయాడు.

నేను ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాను. "బస్సు తలుపుకి తాళం వేశాను!" అని గట్టిగా అరిచాను కూడా. జనం నన్ను వింతగా చూశారు. (ఎండదెబ్బ అనుకుని ఒకావిడ మంచినీళ్ళిచ్చింది.) నిజంగానే నేను చేసింది అదే. ఒకడు ఎక్కి కూర్చునేదాకా ఊరంతా కిందే నిలబడాలని బస్సు తలుపుకే తాళం వేశాను. వాడు చెవి జేబులో వేసుకుని సోడా తాగడానికి పోతే అందరి ప్రయాణమూ ఆగిపోయింది. ఇక్కడ ఈ బస్సులో ఇంతమంది, ఎవరూ ఎవరికోసమూ ఆగకుండా, సీటుకో తువ్వాలు వేసుకుని ఎంత చక్కగా సర్దుకున్నారు! నేను ఈ ఆనందంలో ఉండగా నా సీటులో ఎవరో కూర్చున్నారు. తువ్వాలు లేకుండా లేచినదాన్ని కదా, అడిగే హక్కు లేదు. విజయనగరందాకా నిలబడే వెళ్ళాను, ఒక్క నిమిషం కూడా కాళ్ళు నొప్పెట్టలేదు.

ఆ వారమంతా మేడమీద ఒకటే పని. తాళం తీసి అవతల పారేశాను. ఇప్పుడు గేటు ప్రోగ్రాము ముందు ఒక గడిమీద తన తువ్వాలు, అంటే ఈ గడి నాదన్న గుర్తు, వేస్తుంది. గడి ఖాళీగా ఉంటేనే పడుతుంది, అప్పటికే ఇంకొకరి తువ్వాలు ఉంటే పక్క గడికి పోవాలి. ఖాళీ ఉందా అని చూడడం, వెయ్యడం ఈ రెండూ ఒకే గుక్కలో, మధ్యలో ఇంకొకరు దూరడానికి వీల్లేకుండా చేసే ఉపాయం కంప్యూటరు మెదడులోనే ఉంటుందని వెతికి తెలుసుకున్నాను. అచ్చంగా కింది తువ్వాలు చట్టమే! తువ్వాలు పడ్డాక తీరుబడిగా పేరు, ఊరు, బండి రాసుకుని, "కూర్చున్నాను" అని గుర్తు పెడుతుంది. మైకు ఆ గుర్తు ఉన్న గడినే పిలుస్తుంది, ఉత్త తువ్వాలు ఉంటే కాసేపు ఆగి, మనిషి రాకపోతే తువ్వాలు తీసేసి ముందుకు పోతుంది. ఆలస్యంగా వచ్చినవాడు తన తువ్వాలు లేదని చూసుకుని మళ్ళీ ఇంకో గడిమీద వేసుకోవాలి. పరీక్షించడానికి ఈసారి నేనొక్కదాన్నే కూర్చోలేదు. బావ ఒక కీబోర్డు, అప్ప ఒకటి, కింది దుకాణం మిఠాయి మావ జిలేబీ చేతులతో ఒకటి పట్టుకుని, నేను చప్పట్లు కొట్టినప్పుడల్లా ఒకేసారి బాదేవారు. తొందరబాబు పాత్ర మా అప్ప వేసింది. మధ్యమధ్యలో మూసెయ్యమంటే ఎంత కసిగా మూసేదో!

ఆఖరి సంత వచ్చింది. శావుకారు గారు ఈసారి కొబ్బరికాయ కొట్టలేదు. గొడుగు పట్టుకుని అరుగుమీద నిలబడి, "ముందు నాను పరీచ్చ సేస్తాను" అన్నారు. మూడు గేట్ల దగ్గరా ముగ్గురు అప్పలనాయుళ్ళని నిలబెట్టించారు, ఒక్కొక్కరిది ఒక్కో ఊరు. "నా గొడుగు కిందకి దిగగానే ముగ్గురూ ఒకేపాలి నొక్కాల" అని గేట్లవాళ్ళకి చెప్పి గొడుగు ఎత్తారు. యార్డు మొత్తం ఆయన గొడుగునే చూస్తోంది. ట్రాక్టర్ల గేటు దగ్గరున్న అప్పలనాయుడు మా నాన్నే అని వేరే చెప్పాలా? గొడుగు దిగింది. మూడు మీటలూ టక్కుమన్నాయి.

"అప్పలనాయుడు. గుర్ల. ఎడ్లబండి. మొదటి కాటా" అంది నా గొంతు. గుర్లాయన, అంటే గుర్లలోని అసలైన అప్పలనాయుడు, ఎడ్లని అదిలించాడు. తర్వాత ఏమీ లేదు. నిశ్శబ్దం. ఆటోల గేటు వైపు చూస్తే తొందరబాబు అప్పుడే మూసేసి మళ్ళీ తెరుస్తున్నాడు. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాన్న ట్రాక్టరు మీదనుంచి కిటికీ వైపు చూశాడు. లోపల మైకు ప్రోగ్రాము ఆ ఒంటరి తువ్వాలు దగ్గర ఆగి ఉంది. ఆగింది, ఆగింది, తువ్వాలు తీసేసింది. "అప్పలనాయుడు" అని మొదలుపెట్టి, మా ఊరి పేరు చెప్పి, "ట్రాక్టరు. రెండో కాటా" అంది. నాన్న నవ్వాడు! మీసం కింద దాచుకున్నాడు గానీ నాకు కనబడింది. ఆయన ట్రాక్టరు కదిలేలోపే తొందరబాబు మళ్ళీ కొట్టిన మూడో అప్పలనాయుడు కూడా, ఆటోతో సహా, ఊరితో సహా, పొల్లుపోకుండా మైకులో మోగాడు. జనం ఈలలు వేశారు. శావుకారు గారు గొడుగు నెత్తిమీద గిరగిరా తిప్పి, కుర్చీ తెప్పించుకుని, జీవితంలో మొదటిసారి సంతరోజున కూర్చున్నారు.

ఆ రోజు తొందరబాబు ఎన్నిసార్లు మూశాడో లెక్కలేదు. మూసుకో నాయనా, మూసుకో, అని కిటికీలోంచి ఆశీర్వదించాను. ఒక్క పేరు కలవలేదు, ఒక్క బండి ఆగలేదు. గేటుమేను రెండుసార్లు వచ్చి, ట్రాక్టర్లు లేని తన రైలు గేటుని గురించి ఆశ్చర్యంగా చెప్పి టీ తాగి వెళ్ళాడు. బావ ప్రతి రైతు దగ్గరికీ వెళ్ళి "మా సొంత టెక్నాలజీ" అంటూ కార్డులు పంచాడు.

తూకం అయిపోయినా నాన్న ఇంటికి వెళ్ళలేదు. ట్రాక్టరు ఒక పక్కన పెట్టి, మైకు కట్టిన స్తంభం కింద ఖాళీ గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. మా ఊరివాడొకడు, "మావా, నీది తూయడం అయిపోనాది కదా, ఇంకా ఎవులికోసం కూకున్నావు?" అని అడిగాడు. "ఎవులికోసం కాదురా. ఇంకో నాలుగు పేర్లు ఇనీసి ఎల్తాను" అన్నాడు నాన్న. కిటికీ దగ్గరున్న నాకు వినబడుతుందని ఆయనకి తెలియదు. కాసేపటికి ఫోను తీసి, యార్డు చప్పుడులో వినబడేలా అరుస్తూ, "అలో, కోచింగోళ్ళేనా? మా గుంట రాదండీ. ఈ సీజనుకే కాదు, ఏ సీజనుకీ రాదు" అని చెప్పేశాడు. నేను తల తిప్పుకుని తెరవైపు చూస్తూ కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళకి గళ్ళన్నీ అలుక్కుపోయాయి. సాయంత్రం ఆఖరి ఎడ్లబండి పేరు మోగేదాకా నాన్న అక్కడే ఉన్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పెద్ద కంపెనీలో మాకు శిక్షణ ఇస్తూ, ఒక పెద్దాయన బోర్డుమీద గళ్ళు గీసి, గడి ఎలా ముందే పట్టుకోవాలో, రాయడం అయ్యిందని ఎలా గుర్తు పెట్టాలో, మధ్యలో పోయినవాడి గడి ఎలా విడిపించాలో వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఇదంతా నేను పుట్టకముందునుంచీ పుస్తకాల్లో ఉందట. ఇంటికొచ్చి పాత అట్టపెట్టె విప్పితే, మా కాలేజీ పుస్తకంలోనే ఉంది. పరీక్షకి రాదని క్లాసంతా కలిసి వదిలేసిన పాఠం అది. ఆ పేజీలు ఎవరూ ముట్టుకోక తెల్లగా, కొత్తగా మెరుస్తున్నాయి. ముందు చెవులు వేడెక్కాయి. విజయనగరమంతా తిరిగి, లోకంలో ఇది కనిపెట్టిన మొదటిదాన్ని నేనేనని చెప్పుకున్నాను మరి! తర్వాత ఒక్కదాన్నే కూర్చుని కడుపునొప్పి వచ్చేలా నవ్వుకున్నాను.

అప్పటి నాలోని ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడైనా నాకు ఎదురైతే, ఆ సంతరోజు సాయంత్రం యార్డు మెట్లమీద, జుట్టునిండా మొక్కజొన్న పొట్టుతో, "నేను ఏం కనిపెట్టానో తెలుసా!" అని పరిగెత్తుకొస్తే, పుస్తకం మాట ఎత్తను గాక ఎత్తను. పక్కన కాస్త చోటిచ్చి కూర్చోబెట్టి, మొదటిసారి వింటున్నట్టు మొత్తం చెప్పించుకుంటాను.